టికెట్ పోయింది, సంతకం పెట్టాం.. బోటు యజమాని మీద కేసు నిలుస్తుందా?

ప్రశ్న: వేసవి సెలవుల్లో కుటుంబమంతా సముద్ర తీరానికి వెళ్లాం. అక్కడ సముద్రపు దొంగల ఓడలా అలంకరించిన బోటు ఒకటి ఉంది. ‘ఫ్యామిలీ ట్రిప్, పిల్లలకు పూర్తి సేఫ్’ అని బోర్డు పెట్టారు. పిల్లలందరికీ నల్ల టోపీలు పెట్టి, ఒక కంటికి నల్ల గుడ్డ కట్టి, ఓడలో దాచిన నిధిని వెతకమని ఆట పెట్టారు. మా ఎనిమిదేళ్ల పాప పై డెక్ మెట్లు ఎక్కుతుండగా బోటు ఒక్కసారిగా మలుపు తిరిగింది. పాప కిందపడి మోచేయి విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. జరిగి ఇరవై రెండు నెలలైంది. ‘సీజన్ అయిపోనివ్వండమ్మా, ఖర్చులు చూసుకుంటా’ అని యజమాని ఇన్నాళ్లూ తిప్పుకున్నాడు. ఇప్పుడేమో ‘ఎక్కేముందు సంతకం పెట్టారు కదా, మాకు సంబంధం లేదు’ అంటున్నాడు. టికెట్ ఎక్కడో పోయింది. అదే బోటు ఎక్కిన స్నేహితుల టికెట్ ఉందని, దాని మీద తేదీ మార్చి వాడుకుందామని మా తమ్ముడు అంటున్నాడు. యాక్సిడెంట్ క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు వెళ్లమని మరొకరు చెబుతున్నారు. పాప ఇప్పటికీ బకెట్ నీళ్లు చూసినా వణుకుతోంది. మాకు న్యాయం జరుగుతుందా? పాప ఫొటో, డిశ్చార్జి సమ్మరీ జత చేశాను.

- ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలుంది. ఇక్కడ కుదించి వేశాం. అందులో మూడు పేజీలు పాప భయం గురించి, యజమాని మాట తీరు గురించి రాశారు. కేసును తేల్చేది మాత్రం చివరి పేజీలో మీరు యథాలాపంగా రాసేసిన ఒక్క వాక్యం: ‘జరిగి ఇరవై రెండు నెలలైంది’.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు చేసే హక్కు పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు కావాలి. మీకు ఆ హక్కు పుట్టింది పాప పడిన రోజున. యజమాని ‘నాకు సంబంధం లేదు’ అన్న రోజున కాదు. ఆయన ‘చూద్దాం’ అన్నన్నాళ్లూ గడువు ఆగి ఉందని మీరు అనుకుంటున్నారు. ఆగలేదు. ఫోన్లు చేసినా, బతిమాలినా, లాయర్ నోటీసు పంపినా, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసినా గడువు దాని దారిన అది నడుస్తూనే ఉంటుంది. ఇలా తిప్పించుకునే వాళ్లలో చాలామందికి ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. రెండేళ్లు దాటేదాకా మర్యాదగా మాట్లాడి, దాటిన మర్నాటి నుంచి ఫోన్ ఎత్తరు. మీ యజమాని తొందరపడి రెండు నెలల ముందే అడ్డం తిరిగాడు. అది మీ అదృష్టం.

గడువు సంగతి అవతలివాళ్లు ఎత్తకపోతే గట్టెక్కుతాం అనే ఆశ కూడా వద్దు. స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాకు, బి.ఎస్. అగ్రికల్చరల్ ఇండస్ట్రీస్‌కు మధ్య నడిచిన కేసులో 2009లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: ఎదుటి పక్షం అడగకపోయినా, ఫిర్యాదు గడువులో వచ్చిందా లేదా అన్నది ముందు ఫోరమే (ఇప్పటి కమిషన్‌కు పాత పేరు) చూసుకోవాలి. అది పాత చట్టం కింద ఇచ్చిన తీర్పే అయినా, గడువు నిబంధన కొత్త చట్టంలోనూ అలాగే ఉంది. తగిన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది, నిజమే. కానీ ‘యజమాని సీజన్ అయ్యాక ఇస్తానన్నాడు’ అన్నది తగిన కారణంగా నిలవడం కష్టం. ఆ పరిస్థితి తెచ్చుకోకండి.

ఇక డిశ్చార్జి సమ్మరీ. పంపేముందు మీరు దాన్ని చదివారా? గాయం ఎలా అయిందన్న చోట ‘హోటల్ మెట్ల మీద జారిపడటం వల్ల’ అని ఉంది. బోటు అని చెబితే పోలీసు కేసు అంటారేమోనన్న టెన్షన్‌తో మీ వారు అలా చెప్పారని ఉత్తరంలో ఒక మూల రాశారు. ఎంత నిర్లక్ష్యం అమ్మా ఇది! టికెట్ పోవడం కంటే ఇది పెద్ద దెబ్బ. ఎదుటి లాయర్ చేతికి ఈ ఒక్క కాగితం దొరికితే చాలు, ‘ఆ పాప పడింది మా బోటులోనే కాదు’ అంటాడు. అలాగని ఇప్పుడు ఆస్పత్రికి వెళ్లి ఆ వాక్యం మార్చి ఇమ్మని డాక్టరును అడగకండి. మార్చిన రికార్డు అసలు రికార్డు కంటే ఎక్కువ చెరుపు చేస్తుంది.

దీనికి విరుగుడు మీ ఉత్తరంలోనే ఉంది. పెద్దాస్పత్రికి వెళ్లేముందు తీరంలోని చిన్న క్లినిక్‌లో కట్టు కట్టించామని రాశారు. ఆ ఓపీ చీటీ వెతకండి. ప్రమాదం జరిగిన గంటలోనే, ఏ కేసూ మనసులో లేనప్పుడు ఆ డాక్టర్ రాసుకున్న మాటకు విలువ ఎక్కువ. అందులో ‘బోటులో పడింది’ అని ఉంటే డిశ్చార్జి సమ్మరీలోని తప్పును అది చాలావరకు కప్పేస్తుంది. చీటీ దొరకకపోతే ఆ క్లినిక్‌కే వెళ్లి రిజిస్టరులో ఆ తేదీ నకలు అడగండి. పెద్దాస్పత్రి నుంచి పూర్తి కేస్ షీట్ కూడా రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. వైద్య మండలి నిబంధనల ప్రకారం రోగి తరఫున అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇన్‌పేషెంట్ రికార్డులు మూడేళ్లు భద్రపరచాలన్న నిబంధనా ఉంది. కాబట్టి అవి ఇంకా ఉండాలి. ఆస్పత్రిలో ఎందుకు అలా చెప్పారో మీ వారు అఫిడవిట్‌లో ఉన్నది ఉన్నట్టు రాయాలి. సిగ్గుపడాల్సిన పని లేదు. పోలీసు భయంతో ఆస్పత్రిలో అబద్ధం చెప్పిన మొదటి మనిషి ఆయన కాదు.

మీ తమ్ముడి సలహా గురించి గట్టిగా చెప్పాలి. వేరేవాళ్ల టికెట్ మీద తేదీ దిద్ది దాఖలు చేయడం దొంగ సాక్ష్యం సృష్టించడమే. వినియోగదారుల కమిషన్ ముందు జరిగే విచారణను కూడా చట్టం న్యాయ విచారణగానే చూస్తుంది. భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద న్యాయ విచారణలో వాడేందుకు దొంగ సాక్ష్యం తయారు చేస్తే ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడొచ్చు. టికెట్ల మీద వరుస నంబర్లు ఉంటాయి. ఆ నంబరు ఏ రోజుదో చెప్పే కౌంటర్ పుస్తకం యజమాని దగ్గరే ఉంటుంది. అంటే మీ దొంగతనాన్ని పట్టుకునే సాక్ష్యం మీ ప్రత్యర్థి బీరువాలో ఉందన్నమాట. గాయపడిన పాప తల్లిగా వెళ్లి, ముద్దాయిగా తిరిగొస్తారు. ఆ స్నేహితుల టికెట్‌ను వాళ్లకే ఇచ్చేయండి. మీ తమ్ముడికి ఈ పేరా చూపించండి.

అసలు ఆ టికెట్ లేకపోతే మునిగేదేమీ లేదు. డబ్బు ఫోన్‌లో కట్టామన్నారు కదా. బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో ఆ తేదీ యూపీఐ ఎంట్రీ చూడండి. తీసుకున్నవారి పేరు అందులో ఉంటుంది. ఇది రెండు విధాలా పనికొస్తుంది. మీరు డబ్బు కట్టిన వినియోగదారులని రుజువవుతుంది, కేసు ఎవరి మీద వేయాలో కూడా తెలుస్తుంది. బోటు మీద పుర్రె బొమ్మ కింద రాసిన ఓడ పేరు మీద కేసు వేస్తే నోటీసు తీసుకునే మనిషి ఉండడు. డబ్బు చేరిన ఖాతాదారు, బోటు రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉందో ఆ వ్యక్తి, ట్రిప్పును ప్యాకేజీలో కలిపి అమ్మిన హోటలో బుకింగ్ యాపో ఉంటే అదీ, అందరినీ ప్రతివాదులుగా చేర్చండి.

మీరు పంపిన ఫొటో గురించి. పాప ఎంత ముద్దుగా ఉండేదో, ఇప్పుడెలా అయిపోయిందో నేను చూడాలని పంపారు. నేను చూసింది వేరు. పాప టోపీ వెనక, క్యాబిన్ గోడ మీద తెల్ల రంగుతో ఒక రిజిస్ట్రేషన్ నంబరు ఉంది. దాని కింద ప్రయాణికుల సంఖ్య 30 అని ఉంది. ఆ ఒక్క ఫ్రేములో పై డెక్ మీద ఉన్న తలలు లెక్కపెట్టాను. కనిపించేవే ముప్ఫై నాలుగు. కింద ఎంతమంది ఉన్నారో! పెద్దవాళ్లలో కొందరికి లైఫ్ జాకెట్లున్నాయి, పిల్లల్లో ఒక్కరికీ లేదు. పాప ఎడమ కంటికి నల్ల గుడ్డ కట్టి ఉంది. ఒక కన్ను మూస్తే మెట్టు ఎంత దూరంలో ఉందో అంచనా సరిగా అందదు, పెద్దవాళ్లకైనా అంతే. కదులుతున్న బోటులో, పరిమితికి మించిన జనంలో, పిల్లలకు ఒక కన్ను కట్టి ‘నిధి పై డెక్ మీద ఉంది, పరుగెత్తండి’ అని ఆట పెట్టడం కంటే నిర్లక్ష్యానికి వేరే నిర్వచనం ఎందుకు? మీ ఫిర్యాదుకు వెన్నెముక ఇదే. ‘బోటు కుదిపింది’ అని మొదలుపెడితే ‘సముద్రం అన్నాక అలలుండవా’ అంటారు. ఆ ఆట దగ్గర మొదలుపెట్టండి.

ఆ ఫొటో ఒరిజినల్ తీసిన ఫోన్‌లో ఉందా? నాకు వచ్చింది వాట్సాప్ కాపీ. వాట్సాప్‌లో పంపితే ఫొటో నాణ్యత తగ్గుతుంది, ఎప్పుడు ఎక్కడ తీశారన్న వివరాలు పోతాయి. ఆ ఫోన్‌ను ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వకండి, రీసెట్ చేయకండి. ఒరిజినల్ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్‌తో (ఎలక్ట్రానిక్ రికార్డును ధ్రువీకరించే పత్రం) దాఖలు చేయాలి. వినియోగదారుల కమిషన్ సాక్ష్య చట్టాన్ని అక్షరాలా పట్టుకుని కూర్చోదు, అయినా సర్టిఫికెట్ ఉంటే అభ్యంతరానికి చోటుండదు. యజమాని ‘ఖర్చులు చూసుకుంటా’ అని పంపిన వాయిస్ మెసేజ్‌లను కూడా ఇలాగే భద్రపరచండి. అవి గడువును పొడిగించవు. కానీ ప్రమాదం తన బోటులోనే జరిగిందని ఆయన తన నోటితో ఒప్పుకున్నట్టే.

సంతకం సంగతి మీరు భయపడుతున్నంత పెద్దది కాదు. క్యూలో నిలబెట్టి, అట్ట మీద పెట్టిన కాగితం మీద ‘సొంత బాధ్యత’ అని సంతకం చేయించుకున్నంత మాత్రాన తన నిర్లక్ష్యానికి తాను జవాబుదారీ కాకుండా పోడు. హోటల్ పార్కింగ్‌లో కారు పోయిన కేసులో 2019లో సుప్రీంకోర్టు, ‘యజమాని రిస్కు మీద’ అని రాసుకున్నా హోటల్ తన సొంత నిర్లక్ష్యం నుంచి తప్పించుకోలేదని చెప్పింది. కారుకే అలా అంటే పిల్లల ఒంటి మీద గాయానికి చెప్పక్కర్లేదు. ఒక మెలిక మాత్రం ఉంది. ‘ఈ ఒప్పందం అన్యాయమైనది, రద్దు చేయండి’ అని ప్రధాన కోరికగా పెడితే జిల్లా కమిషన్‌కు దాన్ని వినే అధికారం లేదు, అది రాష్ట్ర కమిషన్ పని. కాబట్టి ఫిర్యాదును సేవాలోపం, నిర్లక్ష్యం మీద నిలబెట్టండి. సంతకం ప్రస్తావన వస్తే జవాబుగా చెప్పండి, అంతే.

ట్రిబ్యునల్ మాట వదిలేయండి. మోటారు వాహనాల చట్టం రోడ్డు మీద నడిచే బండ్లకే, బోటుకు వర్తించదు. పోలీసు కేసా? పరిమితికి మించి జనాన్ని కిరాయికి ఎక్కించుకోవడం భారతీయ న్యాయ సంహిత 284వ సెక్షన్ కింద నేరమే. కానీ దానికి శిక్ష ఆరు నెలలే కాబట్టి, కోర్టు విచారణకు తీసుకునే గడువు ఏడాదితో ముగిసింది. ఎముక విరగడం చట్టం దృష్టిలో తీవ్ర గాయం. నిర్లక్ష్యంతో అలాంటి గాయం చేసిన నేరానికి మూడేళ్ల గడువుంది, కాబట్టి ఆ దారి ఇంకా తెరిచే ఉంది. ఘటన 2024 జూలై 1కి ముందుదైతే ఐపీసీ సెక్షన్లు, తర్వాతదైతే కొత్త సంహిత వర్తిస్తాయి. పరిహారం కోసమైతే మాత్రం పోలీస్ స్టేషన్ చుట్టూ తిరుగుతూ ఈ రెండు నెలలు పోగొట్టుకోకండి.

చేయాల్సింది ఇది. బోటుకు లైసెన్స్ ఇచ్చిన పోర్టు అధికారికి సమాచార హక్కు చట్టం కింద ఈ వారమే దరఖాస్తు పెట్టండి. ఆ నంబరు బోటు ఎవరిది, ఎంతమందికి అనుమతి, చివరి సర్వే (బోటు తనిఖీ) ఎప్పుడు, బీమా ఉందా అని అడగండి. కేరళలోని తానూరులో 2023 మే 7న పర్యాటక బోటు మునిగి 22 మంది చనిపోయినప్పుడు, అది చేపల పడవను మార్చి చేసిన బోటన్న సంగతి తర్వాత బయటికొచ్చింది. మీ ఓడ కూడా ఆ అలంకరణ కింద అసలు ఏమిటో చూడాలి. జవాబుకు 30 రోజుల గడువుంటుంది. దానికోసం ఫిర్యాదు ఆపొద్దు. రాకపోతే ఆ కాగితాలు తెప్పించమని కమిషన్‌నే కోరవచ్చు. సివిల్ కోర్టుకున్న ఆ అధికారం కమిషన్‌కూ ఉంది.

ఫిర్యాదు మీరు ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు, తీరం దాకా వెళ్లనక్కర్లేదు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారానూ కుదురుతుంది. ఏ కమిషన్‌కు వెళ్లాలన్నది ఇప్పుడు మీరు కట్టిన డబ్బును బట్టే, అడిగే పరిహారాన్ని బట్టి కాదు. కట్టింది 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు కూడా లేదు. పాప మైనరు కాబట్టి తల్లిగా మీరే ఫిర్యాదుదారు. చికిత్స బిల్లులు, ప్లేటు తీయడానికి చేయబోయే రెండో ఆపరేషన్‌కు డాక్టర్ రాసిచ్చిన అంచనా, పాప భయానికి వైద్యం చేయిస్తుంటే ఆ చీటీలు జతచేయండి. చేయించకపోతే ఇప్పుడైనా పిల్లల మానసిక వైద్యుడికి చూపించండి. అది పాపకు అవసరం, కేసుకూ అవసరం. మీరు మూడు పేజీల్లో రాసిన బాధను కమిషన్ ముందు ఆ ఒక్క చీటీ చెబుతుంది. యజమాని రాజీకి వస్తానంటే రమ్మనండి, కానీ ఫిర్యాదు నంబరు పడ్డాకే. అప్పుడు కమిషనే మధ్యవర్తిత్వానికి పంపుతుంది. బయట తెల్లకాగితం మీద ‘ఇక ఏ క్లెయిమూ లేదు’ అని రాసిచ్చి డబ్బు తీసుకోకండి.

ఉత్తరంలో ప్రమాదం తేదీ రాయలేదు, ‘వేసవి సెలవుల్లో’ అన్నారు. యూపీఐ ఎంట్రీలో తేదీ చూసి, రెండేళ్లు ఏ రోజుతో నిండుతాయో లెక్కవేయండి. ఆ రోజుకు నెల ముందు తేదీని మీ లాయర్‌కు చివరి తేదీగా చెప్పండి. అసలు తేదీ ఆయనకు ఎలాగూ తెలుస్తుంది.