ఆ టీషర్ట్ మీద రాసింది మావాడు పైకి చదివేశాడు

ఈసారి చొక్కాల మీది రాతల గురించే వరసగా ఉత్తరాలొచ్చాయి, అన్నీ అనంతపురం వైపు నుంచే. మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకి వాయిదా వేసి వీటికే జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మా ఆడబిడ్డ కూతురి పుట్టినరోజుకి ఊళ్లో ఒక హోటల్‌కి వెళ్లాం. మేడ మీద ఏసీ ఫ్యామిలీ సెక్షన్. పక్క టేబుల్ దగ్గర నలుగురు కుర్రాళ్లు. మాకు ఎదురుగా కూర్చున్న అబ్బాయి నల్ల టీషర్ట్ మీద ఇంతింత అక్షరాలతో ఇంగ్లీషు బూతు, దాని కింద అమ్మాయిల ఒంటి గురించి ఇంకో ముక్క. మావాడు రెండో తరగతి, ఇప్పుడిప్పుడే ఇంగ్లీషు కూడబలుక్కుంటున్నాడు, బస్సు మీదైనా బిస్కెట్ ప్యాకెట్ మీదైనా కనబడిందల్లా పైకి చదువుతాడు. దీన్నీ ఒక్కో అక్షరం పలికి, కలిపి, గట్టిగా చదివి "అంటే ఏందిమా?" అన్నాడు. ఇంగ్లీషు రాని మా అత్త "ఎంత బాగా చదువుతాండాడో సూడు" అని మురిసిపోయింది. మా ఆయన తల ఎత్తకుండా బిర్యానీలో ముక్కలు వెతుక్కుంటూ కూర్చున్నాడు. మేనేజర్‌కి చెబుదామంటే "ఎందుకులే గొడవ" అన్నాడు. నేను చెప్పి ఉండాల్సిందా? ఇలాంటివాటికి చట్టం ఏమీ లేదా?
— ఒక తల్లి, అనంతపురం

జవాబు: మీ అత్తగారు మురిసిపోయిన చోట నవ్వాగలేదు, మన్నించండి.

చెప్పి ఉండాల్సిందేనమ్మా. అయితే ఆ అబ్బాయికి కాదు, మేనేజర్‌కి. ఫ్యామిలీ సెక్షన్ అని బోర్డు పెట్టింది హోటల్ వాళ్లు, కింద హాల్లో కంటే మేడ మీద ప్లేటుకి నాలుగు రూపాయలు ఎక్కువ వేసుకునేదీ వాళ్లే. ఆ డబ్బుల్లో చల్లగాలి ఒక్కటే లేదు, పిల్లల్నీ పెద్దవాళ్లనీ తీసుకొచ్చి నిశ్చింతగా కూర్చోవచ్చన్న భరోసా కూడా ఉంది, అది నిలబెట్టడం వాళ్ల పని. మీ ఆయన భయమూ అర్థమవుతుంది, నలుగురు కుర్రాళ్ల టేబుల్ దగ్గరికి వెళ్లి "ఏమప్పా, ఏంది ఆ చొక్కా" అంటే మాటకి మాట పెరిగి, కేకు కొయ్యాల్సిన చోట కాలర్లు పట్టుకోవడం అయ్యుండేది. అదే మేనేజర్‌ని పక్కకి పిలిచి "మా పిల్లలు అది చదువుతున్నారు, వాళ్లని అటు తిరిగి కూర్చోమనండి, లేదా మాకు వేరే టేబుల్ ఇవ్వండి" అంటే ఎవరి పరువూ పోదు. చాలామంది కుర్రాళ్లు ఆ మాత్రం చెబితే సిగ్గుపడి చొక్కా తిప్పి తొడుక్కుంటారు. (తిప్పితే వీపు మీద ఇంకోటి రాసి ఉంటే ఆ సంగతి వేరు.)

ఇక చట్టం. బహిరంగ ప్రదేశంలో ఇతరులకి చిరాకు కలిగేలా అశ్లీలమైన పని చేసినా, అశ్లీలమైన పాటలు పాడినా, మాటలు అన్నా నేరమే. పాత ఐపీసీలో అది 294, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 296. మూడు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వినడానికి గట్టిగానే ఉంది కానీ అందులో ఉన్నది పాడటం, పలకడం. చొక్కా పలకదు కదా, దాన్ని అశ్లీలమైన 'పని' కింద లాగాలి, అక్కడే లాయర్లు దొరకబుచ్చుకుంటారు. దానికి తోడు 2024 మార్చిలో ఒక వెబ్ సిరీస్ కేసులో సుప్రీంకోర్టు, బూతు మాటలు ఉన్నంత మాత్రాన అది అశ్లీలం అయిపోదని చెప్పింది. ఆ కేసు ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం కింద వచ్చినదే అయినా, తిట్టు వేరు అశ్లీలం వేరు అన్న తేడా గీసింది. కాబట్టి పుట్టినరోజు వదిలిపెట్టి టూటౌన్ స్టేషన్‌కి పరిగెత్తినా ఎస్‌ఐ గారు టీ ఇప్పించి పంపేస్తారు. నిజం చెప్పాలంటే పంపేయడమే మంచిది, ఇది పోలీసుల దాకా పోవాల్సిన వ్యవహారం కాదు.

అలాగని చేతులు ముడుచుకోనక్కర్లేదు. హోటల్ వాళ్లు, ఎగ్జిబిషన్ వాళ్లు, ఫంక్షన్ హాలు వాళ్లు తమ చోటికి ఒక నియమం పెట్టుకోవచ్చు. కులం, మతం, జాతి, పుట్టిన ఊరు, ఆడా మగా అన్న కారణంతో దుకాణంలోకో హోటల్‌లోకో రానివ్వకపోవడం రాజ్యాంగం 15వ అధికరణం ప్రకారం కుదరదు. బూతు రాసి ఉన్న చొక్కా వాటిలో దేని కిందికీ రాదు. కాకపోతే ఆ నియమం గుమ్మం దగ్గరే తెలుగులో రాసి ఉండాలి. లోపలికి రానిచ్చి, ఆర్డర్ తీసుకుని, బిర్యానీ సగంలో ఉండగా లెమ్మనడం మర్యాద కాదు, వాళ్లూ డబ్బులిచ్చే వచ్చారు.

నా లెక్కలో మీరు రాసిన రెండింట్లో ఆ బూతు చిన్న తప్పు, కింద ఉన్న ముక్క పెద్ద తప్పు. ఊరికే తిట్టు ఎవరినీ ఉద్దేశించింది కాదు. అమ్మాయిల ఒంటి మీద జోకు అలా కాదు, పుట్టినరోజు గౌను వేసుకుని ఎదురుగా కూర్చున్న మీ ఆడబిడ్డ కూతురి గురించి కూడా అది మాట్లాడుతోంది. నేను మేనేజర్ని అయితే మొదటిదాన్ని చూసీ చూడనట్టు వదిలేస్తానేమో, రెండోదాన్ని మాత్రం వదలను.

మీవాడికి ఏం చెప్పాలంటారా? "అది తిట్టు నాన్నా, కొందరు సరదాకి వేసుకుంటారు, మనం అనకూడదు" అంటే చాలు. ఏడేళ్ల పిల్లాడికి అంతకు మించి అక్కర్లేదు. దాచిపెడితేనే రేపు క్లాసులో బోర్డు మీద రాస్తాడు.

ప్రశ్న: నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. నా డబ్బులు, నా చొక్కా, మీకేం నొప్పి? ఆర్టీసీ బస్టాండులో అమ్మనీ అక్కనీ కలిపి తిట్టుకునే పెద్దమనుషులని ఎవరూ ఏమీ అనరు. సినిమాల్లో డబుల్ మీనింగ్ డైలాగులకి కుటుంబమంతా కూర్చుని నవ్వుతారు. మేము టీషర్ట్ వేసుకుంటే మాత్రం సంస్కృతి గుర్తొస్తుంది. భావప్రకటన స్వేచ్ఛ లేదా మాకు?
— పేరు వద్దు, అనంతపురం

జవాబు: బస్టాండు సంగతి నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం తమ్ముడూ. నోటినిండా బూతులు పెట్టుకుని కుర్రాళ్ల చొక్కాలకి పద్ధతులు నేర్పే పెద్దలు మన ఊళ్లో బోలెడుమంది, వాళ్ల తరఫున నేను వకాల్తా పుచ్చుకోను. స్వేచ్ఛా ఉంది. 19వ అధికరణం ఇచ్చిందే. వేసుకునే బట్టల ద్వారా మనిషి తన్ను తాను చెప్పుకోవడం కూడా అందులోకే వస్తుందని 2014లో ట్రాన్స్‌జెండర్ల హక్కుల తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. అదే అధికరణం రెండో భాగంలో సభ్యత, నైతికత కోసం సహేతుకమైన ఆంక్షలు పెట్టవచ్చనీ ఉంది, అది కూడా చదువుకో.

నీలాంటివాడి కేసు ఒకటి అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1968 ఏప్రిల్‌లో పాల్ రాబర్ట్ కోహెన్ అనే పంతొమ్మిదేళ్ల అబ్బాయి, వియత్నాం యుద్ధానికి కుర్రాళ్లని బలవంతంగా సైన్యంలోకి తీసుకోవడాన్ని బూతు మాటతో తిడుతూ రాసిన జాకెట్ వేసుకుని లాస్ ఏంజెలెస్ కోర్టు వరండాలో తిరిగాడు. ఆడవాళ్లు, పిల్లలు ఉన్నారక్కడ. ముప్పై రోజుల జైలుశిక్ష వేశారు. 1971లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో శిక్ష కొట్టేసింది, నచ్చనివాళ్లు చూపు తిప్పుకోవచ్చు కదా అంది. ఇక్కడిదాకా నీకు సంతోషంగానే ఉంటుంది. మిగతాది కూడా విను. జడ్జి కూర్చున్న గదిలోకి అడుగుపెట్టేటప్పుడు ఆ అబ్బాయి జాకెట్ విప్పి మడిచి చేతి మీద వేసుకున్నాడు. యుద్ధాన్ని అంత గట్టిగా తిట్టదలుచుకున్నవాడికి కూడా ఎక్కడ తొడగాలో ఎక్కడ విప్పాలో తెలుసు. అతని మాట ప్రభుత్వంతో. నీ చొక్కా ఎవరితో ఏం చెబుతోంది? కరెంటు చార్జీల మీదో, పరీక్ష పేపర్ల లీకు మీదో ఎంత ఘాటుగా రాసుకుని తిరిగినా నీ పక్కన నిలబడతాను, ఎవరి మనోభావాలు దెబ్బతిన్నా సరే.

ఇంకోటి. చూపు తిప్పుకోమనడం రోడ్డు మీద కుదురుతుంది. టవర్ క్లాక్ దగ్గర బండి మీద పోతున్న నీ చొక్కా నాకు రెండు సెకన్లు కనబడుతుంది, పోతుంది, దానికి నేనేమీ అనను. కసాపురం ఆంజనేయస్వామి దగ్గర శనివారం క్యూలో నీ వెనకే నిలబడ్డ ముసలావిడ మనవరాలు ఎక్కడికి తిప్పుకుంటుంది చూపు? కదలడానికి అటూ ఇటూ పైపులే, అరగంట సేపు ఆ పిల్ల కళ్లకి ఎదురుగా నీ వీపే. గూగూడులో కుళ్లాయిస్వామి దగ్గరా అంతే, మొహర్రం జనంలో ఇసకేస్తే రాలదు, హిందువులూ ముస్లింలూ పిల్లాపాపలతో బళ్లు కట్టుకుని వస్తారు. బస్సులో ఎదురు సీటు, ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ లైను, పెళ్లి బంతి, ఇవన్నీ అలాంటివే. ఎదుటివాడు లేచిపోలేని చోట వేసుకోకు, మిగతాచోట్ల నీ ఇష్టం. బ్యాగులో ఇంకో చొక్కా పెట్టుకుంటే బరువేం కాదు.

ప్రశ్న: ఇప్పటి అమ్మాయిలు జీన్సు, స్లీవ్‌లెస్ వేసుకుని పార్కులకి, గుళ్లకి వస్తున్నారు. బూతు చొక్కాలతో పాటు వీటిని కూడా ఆపాలి. మీరు రాయండి.
— విశ్రాంత ఉద్యోగి, కళ్యాణదుర్గం

జవాబు: రాయనండి. అది వేరే విషయం, రెండింటినీ ఒకే గాటన కట్టేస్తే జరిగేదేమిటో మీకూ తెలుసు, బూతు రాసుకున్న అబ్బాయి దర్జాగా లోపలికి పోతాడు, చేతుల్లేని జాకెట్ వేసుకున్న అమ్మాయిని గేటు దగ్గర ఆపుతారు. గుడికి గుడి పద్ధతి ఉంటుంది, తిరుమలలో ఆర్జిత సేవలకి సంప్రదాయ దుస్తులు ఉండాలంటే అందరూ పాటిస్తున్నారు. పార్కు గుడి కాదు. పైగా ఆ జీన్సులో సగం మన రాయదుర్గంలో, పక్కన బళ్లారిలో కుట్టినవే, ఎన్నో ఇళ్లల్లో వాటితోనే పొయ్యి వెలుగుతోంది.

ప్రశ్న: నాది టీషర్ట్ ప్రింటింగ్ షాపు. తిరుపూర్ నుంచి ప్లెయిన్ టీషర్ట్‌లు తెచ్చి స్క్రీన్ మీద, ఇప్పుడు డీటీఎఫ్ (ముందు ఫిల్మ్ మీద ముద్రించి, వేడితో గుడ్డకి అంటించడం) మీద వేసిస్తాను. కాలేజీ పిల్లలు గోవా ట్రిప్పుకని ఏవేవో డిజైన్లు ఫోన్లో పంపి వేయమంటారు. కాదంటే పక్క షాపుకి పోతారు. ఏం చేయాలి?

జవాబు: స్నేహితులు ఒకరినొకరు వెక్కిరించుకునేవి వేయండి, అందులో మీకొచ్చే తలనొప్పి లేదు. మూడు రకాలు మాత్రం పక్క షాపుకే పోనివ్వండి. ఫలానా అమ్మాయి పేరో, మేడమ్ పేరో పెట్టి రాసేవి మొదటిది. స్త్రీని అవమానించాలని మాటైనా వస్తువైనా ప్రదర్శిస్తే న్యాయ సంహిత 79 కింద మూడేళ్ల దాకా శిక్ష ఉంది, ఆ చొక్కా ఎక్కడ తయారైందని అడుగుతూ మీ దాకా రావచ్చు. రెండోది కులాల పేరుతో ఎదుటివాళ్లని కించపరిచేవి. దళితులు, గిరిజనుల విషయంలో అది అట్రాసిటీ చట్టం దాకా పోతుంది, మిగతావాళ్ల విషయంలో కూడా మన జిల్లాలో అలాంటి రాతలు ఎన్ని ఊళ్లల్లో కట్టెలు విరగ్గొట్టాయో మీకు వేరే చెప్పక్కర్లేదు. మూడోది పచ్చి బొమ్మలు. అశ్లీల వస్తువుల తయారీ, అమ్మకం విడిగా న్యాయ సంహిత 294వ సెక్షన్ (పాత ఐపీసీ లెక్కలో 292, నంబర్లు మారిపోయి అందరికీ కన్ఫ్యూజన్). ఆర్డర్ తీసుకునేటప్పుడే "ఈ మూడూ వేయం" అని కౌంటర్ మీద ఒక కాగితం అంటించండి, మొహం మీద కాదనలేక పడే టెన్షన్ సగం తగ్గుతుంది.

ప్రశ్న: మా నాయనకి అరవై దాటాయి, సేద్యం. సంతలో కుప్ప పోసి అమ్మే టీషర్ట్‌లు తెచ్చుకుని వేసుకుంటాడు. అందులో ఒకదాని మీద ఇంగ్లీషులో చాలా గలీజు మాట ఉంది, ఆయనకి తెలీదు. పోయిన వారం అది వేసుకునే పెళ్లిచూపులకి వచ్చాడు. అవతలివాళ్ల అబ్బాయి బెంగళూరులో సాఫ్ట్‌వేర్, చదివి నవ్వాపుకున్నాడు. చెబితే నాయన చిన్నబుచ్చుకుంటాడేమో.
— ఉరవకొండ దగ్గర నుంచి ఒక కూతురు

జవాబు: మీ నాయన తప్పు ఇందులో ఇసుమంత లేదు. ఎగుమతికి పనికిరాక మిగిలిపోయిన సరుకు కుప్పలుగా వచ్చి పడుతుంది, గుడ్డ మెత్తగా ఉందా, చెమట పీలుస్తుందా అని చూసుకుని కొంటారు, రాత చూసి కాదు. పైన హోటల్లో అబ్బాయికీ మీ నాయనకీ తేడా అదే, ఒకడు చదివించాలని వేసుకున్నాడు, ఈయన ఎండకి వేసుకున్నాడు. అందుకే అలాంటి చొక్కా ఎవరి ఒంటి మీదైనా కనబడితే ముందు మనిషిని చూడమంటాను.

మీ నాయనకి అర్థం చెప్పాల్సిన పని లేదు, ముఖ్యంగా మనవలూ అల్లుళ్లూ ఉన్నప్పుడు అస్సలు వద్దు. "ఇది చేను కాడికి పెట్టుకో నాయనా, ఊళ్లోకి ఇది వేసుకో" అని తెల్ల చొక్కా ఒకటి కొనివ్వండి. ఆయనకి ఆ టీషర్టే ఇష్టమైతే అదే రంగు గుడ్డతో ఆ రాత మీద పెద్ద జేబు కుట్టివ్వమని టైలర్‌కి చెప్పండి. సెల్లు పెట్టుకోవడానికి పనికొస్తుంది, మామూలుగా టీషర్ట్‌లకి జేబు లేదని ఆయన ఎటూ గొణుగుతూనే ఉంటారు.

పెళ్లిచూపులు ఏమయ్యాయో మాత్రం రాయలేదు మీరు. నవ్వాపుకున్న అబ్బాయి మంచివాడిలాగే ఉన్నాడు.