టెక్ సందేహాలు: ఆసిడ్ బేస్‌లైన్‌కి మైక్ పర్మిషన్ ఎందుకు?

‘బ్రౌజర్‌లోనే సింథసైజర్, 16 గడుల స్టెప్ సీక్వెన్సర్ (గడుల్లో స్వరాలు నింపితే వరసగా మోగించేది) తెరిచి ఆసిడ్ బేస్‌లైన్ (ఎలక్ట్రానిక్ డ్యాన్స్ సంగీతంలో మెలికలు తిరిగే మంద్ర స్వరాల వరస) కడుతున్నాను. ఎన్ని నాబ్‌లు తిప్పినా పాత ఫోన్ రింగ్‌టోన్‌లానే ఉంది. మంచి సైట్ చెప్పండి.’
– ఒక విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు

సైట్ సంగతి తర్వాత. ముందుగా, గడుల్లో సగం ఖాళీ చేయండి. ఈ ఫిర్యాదుతో వచ్చే స్క్రీన్‌షాట్లన్నీ ఒకేలా ఉంటున్నాయి: పదహారూ నిండి ఉంటాయి, స్లైడ్ (ఒక స్వరం నుంచి పక్క స్వరానికి జారడం) మాత్రం ఒక్కటీ ఉండదు.

టెంపో నిమిషానికి 125 బీట్లు పెట్టండి, బీట్‌కి నాలుగు గడులు. అప్పుడు ఒక్కో గడి 120 మిల్లీసెకన్లు. 1, 3, 4, 7, 8, 11, 12, 14, 15 గడులు మాత్రమే నింపండి. ఎక్కువ చోట్ల కింది ‘ఏ’ స్వరం (55 హెర్ట్జ్), 4లో, 12లో దాని పై స్థాయి. ‘ఏ’ని షడ్జమం అనుకుంటే 8లో సాధారణ గాంధారం, 15లో శుద్ధ రిషభం. స్లైడ్ 3 నుంచి 4కి, 7 నుంచి 8కి. యాక్సెంట్ (స్వరాన్ని నొక్కి పలికించడం) 3, 11, 15 మీద. వేవ్ సాటూత్ (రంపపు పళ్ల ఆకారం), కటాఫ్ (ఫిల్టర్ ఎక్కడి నుంచి పై ధ్వనులను కోయాలో) 300-400 హెర్ట్జ్, రెజొనెన్స్ (ఆ కోత దగ్గర ధ్వని ఎంత పదునెక్కాలో) మూడొంతులు, ఎన్వలప్ మాడ్ (స్వరం మొదలవగానే ఫిల్టర్ ఎంత తెరుచుకోవాలో) సగం దాటాక, డికే (అది మళ్లీ మూసుకోవడానికి పట్టే సమయం) 200-300 మిల్లీసెకన్లు. డికే రెండు సెకన్లకి లాగారంటే ఫిల్టర్ మూసుకునేలోపే తర్వాతి స్వరం వచ్చిపడుతుంది, గడికీ గడికీ తేడా తెలియదు. ఇక ప్యాటర్న్‌ని ముట్టుకోకుండా కటాఫ్ ఒక్కటే మెల్లగా తిప్పుతూ వినండి.

అప్పటికీ రింగ్‌టోన్‌లానే ఉంటే తప్పు సైట్‌దే. పరీక్ష చిన్నది. పక్కపక్క గడుల్లో ఒకే స్వరం పెట్టి మధ్యలో స్లైడ్ వేయండి. రెండూ కలిసి ఒకే పొడవాటి స్వరంగా వినిపించాలి. ‘టక్ టక్’ అని రెండుసార్లు కొడితే అక్కడున్నది ఉత్తుత్తి స్లైడ్. ఆసిడ్ ధ్వనికి మూలమైన పెట్టె, 1981లో వచ్చిన రోలాండ్ టీబీ-303 బేస్ సింథసైజర్‌లో స్లైడ్ వేస్తే ఎన్వలప్ మళ్లీ మొదలవదు, శ్రుతి మాత్రమే వీణ మీద జారులాగా పక్క స్వరానికి చేరుతుంది. యాక్సెంట్ కూడా శబ్దం పెంచడం ఒక్కటే కాదు, డికేని కుదించి ఫిల్టర్‌ని పైకి తోస్తుంది. ఈ రెండూ వదిలేసి పచ్చ లైట్లు, తిరిగే చక్రాలు గీసిపెట్టే డిజైనర్లని ఏమనాలి? 1982లోనే బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ అనే సంగీతకారుడు ఆ పెట్టెను కూడా వాడి డిస్కో తాళానికి రాగాలు రికార్డు చేశారు.

‘నాబ్ తిప్పినప్పుడల్లా తాళం తప్పుతోంది, చిటపటలు వస్తున్నాయి.’
– పటమట, విజయవాడ

రెండూ వేరు వేరు జబ్బులు. తాళం తప్పడం కోడ్ లోపం. బొమ్మలు గీసే పని, స్వరాలు మోగించే పని ఒకే టైమర్‌కి అప్పగించారు. స్వరాలను కాస్త ముందుగా ఆడియో గడియారానికి అప్పజెప్పి ఉంటే ఈ గొడవ రాదు. మీ వైపు నుంచి చేయగలిగింది విజువలైజర్ (ధ్వనికి తగ్గట్టు తెర మీద కదిలే బొమ్మ) ఆపడం, మిగతా ట్యాబ్‌లు మూయడం. చిటపటలు ప్రాసెసర్ అందుకోలేకపోవడం వల్ల. మన మే నెల ఎండలో ఫోన్ వేడెక్కి తన వేగం తానే తగ్గించుకుంటుంది. బ్యాటరీ సేవర్ తీసేయండి, ఛార్జింగ్‌లో పెట్టి వాయించకండి.

‘పాటను వేవ్ ఫైల్‌గా సేవ్ చేయాలంటే ఏపీకే వేసుకోమంటోంది. అంతకుముందు మైక్, నోటిఫికేషన్లు అడిగితే ఇచ్చాను.’
– అరండల్‌పేట, గుంటూరు

ఎందుకిచ్చారు? బ్రౌజర్ సింథ్ మోగడానికి మీరు పేజీ మీద ఒక్కసారి నొక్కితే చాలు, ఏ పర్మిషనూ అక్కర్లేదు. సంగీత కీబోర్డు తగిలిస్తే మిడీ (వాద్యాలు కంప్యూటర్‌తో మాట్లాడే పద్ధతి) పర్మిషన్ అడుగుతుంది, అది న్యాయం. రికార్డింగ్ పేజీ లోపలే జరుగుతుంది కాబట్టి మైక్‌తో పని లేదు. నోటిఫికేషన్లు ఇస్తే రేపటి నుంచి ‘మీ ఫోన్‌లో వైరస్’ అని బెదిరింపులు దిగుతాయి. అన్నిటికన్నా ప్రమాదం ఏపీకే, అంటే యాప్ స్టోర్‌తో పని లేకుండా నేరుగా వేసుకునే యాప్ ఫైల్. అది ఎస్ఎంఎస్, యాక్సెసిబిలిటీ అడిగి తీసుకుందంటే మీ ఓటీపీలు చదవగలదు, మీ బదులు స్క్రీన్ మీద నొక్కగలదు. అడ్రస్ పట్టీ పక్కనున్న గుర్తు నొక్కి సైట్ పర్మిషన్లన్నీ రద్దు చేయండి. ఏపీకే వేసేసి ఉంటే ముందు నెట్ ఆపండి, యాక్సెసిబిలిటీ తీసేసి ఆ యాప్‌ని తొలగించండి, బ్యాంకు పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

బేస్ వినపడట్లేదన్న మిగతా ఉత్తరాలన్నిటికీ ఒకే జవాబు: 55 హెర్ట్జ్ పలికించడం ఫోన్ స్పీకర్ వల్ల కాదు. కాస్త డిస్టార్షన్ (ధ్వనిని గరగరలాడించే ఎఫెక్ట్) కలిపితే పై హార్మోనిక్స్ (అసలు స్వరంతో పాటు పుట్టే పై ధ్వనులు) అయినా వినిపిస్తాయి. బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో నాబ్ తిప్పిన మార్పు ఆలస్యంగా చెవికి చేరుతుంది, కాబట్టి వైరు ఇయర్‌ఫోన్సే కావాలి. వైరు పెట్టుకునే రంధ్రమేమో చాలా ఫోన్లలో సన్నదనం పేరుతో పీకేశారు! ఇప్పుడు బీసెంట్ రోడ్డులో అడాప్టర్ కొనుక్కోవాలి, అందులోనూ రెండు రకాలు. లోపల డాక్ చిప్ (డిజిటల్ సంకేతాన్ని ధ్వని సంకేతంగా మార్చేది) లేనిది చాలా ఫోన్లలో మూగబోతుంది. డబ్బులిచ్చే ముందు మీ ఫోన్‌కే తగిలించి విని తీసుకోండి.