టెక్ సందేహాలు: పాత డీఎస్‌ఎల్‌ఆర్ కొనేముందు లెన్స్‌లో టార్చి వేసి చూడండి

ప్రశ్న: మాది కావలి, డిగ్రీ చదువుతున్నాను. నా బడ్జెట్‌కి కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ రాదు. తెలిసినాయన నికాన్ డీ3500 అమ్ముతానంటున్నాడు. ఇప్పుడంతా మిర్రర్‌లెస్ (డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఉండే అద్దం లేని కొత్తరకం కెమెరాలు) అంటున్నారు కదా, డబ్బు దండగవుతుందా?

జవాబు: దండగేం కాదు, తీసుకోండి. కంపెనీలు మిర్రర్‌లెస్ వైపు వెళ్లిపోయిన మాట, డీ3500 తయారీ ఆగిపోయిన మాట నిజమే గానీ, నేర్చుకునే వాళ్లకి అందులోని 24 మెగాపిక్సెల్ సెన్సర్ ఇప్పటికీ బోలెడు. బాడీ గురించి టెన్షన్ వద్దు, అసలు చూడాల్సింది లెన్స్.

మనది సముద్రపు గాలి తగిలే ప్రాంతం. బ్యాగులో పెట్టి బీరువాలో పడేసిన లెన్స్‌కి లోపల ఫంగస్ పట్టడం మామూలే. కాస్త చీకటిగా ఉన్న గదిలో కెమెరా నుంచి లెన్స్ ఊడదీసి, వెనక నుంచి ఫోన్ టార్చి వేసి, ముందు నుంచి ఏటవాలుగా చూడండి. నాలుగు దుమ్ము రేణువులుంటే ఫర్వాలేదు, సన్నటి సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే మాత్రం ఎంత తక్కువకిచ్చినా ఆ లెన్స్ వద్దు. తర్వాత లెన్స్ బిగించి, ఎఫ్/16 పెట్టి (అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం, అపర్చర్, బాగా చిన్నది చేసి) తెల్లగోడని ఫొటో తీయండి. బూడిదరంగు చుక్కలు వస్తే అది సెన్సర్ మీది దుమ్ము, క్లీన్ చేయిస్తే పోతుంది, కాబట్టి బేరమాడటానికి పనికొస్తుంది. షటర్ (ఫొటో తీసినప్పుడల్లా తెరుచుకుని మూసుకునే తెర, వాడేకొద్దీ అరుగుతుంది) ఎన్నిసార్లు పడిందో నికాన్ ఫొటో ఫైల్లోనే ఉంటుంది, అదీ చూడండి. పెళ్లిళ్లకు తిరిగిన కెమెరా అయితే ఆ అంకె చూసి గుండె జారిపోవచ్చు!

ఇంకో ముఖ్యమైన సంగతి, డీ3500 బాడీలో ఫోకస్ మోటారు లేదు. ముందుముందు లెన్స్ కొంటే లెన్స్‌లోనే మోటారుండే ఏఎఫ్-ఎస్ లేదా ఏఎఫ్-పీ అని ఉన్నవే కొనాలి. చవగ్గా వస్తోందని పాత ఏఎఫ్-డీ రకం తెచ్చుకుంటే ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే.

నేర్చుకోవడం అంటారా, మొదటి రోజే అన్నీ మనమే సెట్ చేసుకునే మాన్యువల్ మోడ్‌లోకి దూకకండి (ఆటో వాడితే నామోషీ అన్నట్టు మాట్లాడే వీడియోలు చూసి బెదిరిపోకండి). డయల్ మీద ‘A’ అక్షరం ఉన్న మోడ్ (అపర్చర్ మనం, షటర్ స్పీడ్ కెమెరా ఎంచుకునేది) పెట్టి, ఒకే మనిషిని ఒకే చోట కూర్చోబెట్టి, ఎఫ్/5.6, 8, 16 మారుస్తూ తీసి, ప్రతిదానిలో వెనక గోడ ఎలా మారుతోందో, షటర్ స్పీడ్ ఎంత పడిపోతోందో చూడండి. అపర్చర్ అంటే ఏమిటో పుస్తకం లేకుండానే అర్థమవుతుంది.

ప్రశ్న: ఒంగోలు దగ్గర బండలాగుడు పోటీల్లో కానన్ 1500డీతో తీశాను. ఎద్దులన్నీ అలికినట్టు వచ్చాయి, తెల్ల గిత్త కూడా బూడిదరంగులో ఉంది. కెమెరా లోపమా?

జవాబు: కెమెరాది తప్పేం లేదు. ఎద్దులు కదిలే వేగానికి షటర్ స్పీడ్ చాలలేదు. డయల్ మీద ‘Tv’ మోడ్‌లో (షటర్ స్పీడ్ మనం ఎంచుకునేది) సెకనులో 1/500 వంతు పెట్టండి, ఐఎస్‌వో (వెలుతురుకి సెన్సర్ స్పందించే స్థాయి) ఆటోలో వదిలేయండి, ఫోకస్‌ని వన్ షాట్ నుంచి కదిలేవాటిని వెంబడించే ఏఐ సర్వోకి మార్చండి. రంగు సంగతికొస్తే, ఫ్రేమంతా తెలుపే ఉంటే కెమెరా వెలుతురు మరీ ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. అందుకే గిత్త నిండుగా ఉన్నప్పుడు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుతురు పెంచే, తగ్గించే సెట్టింగ్) ప్లస్ 1 దాకా పెంచండి. పోటీ అయ్యాక మళ్లీ సున్నాకి తిప్పేయండి, లేదంటే ఆ తర్వాత తీసిన మనుషుల ఫొటోలన్నీ వెలిసిపోయినట్టు వస్తాయి.