క్యాప్సూల్ మీద అయోడిన్ చుక్క

యాంటీబయాటిక్స్ వాడాక కడుపు సరిగా ఉండట్లేదు, రెయిషీ, టర్కీ టెయిల్ అనే పుట్టగొడుగుల క్యాప్సూల్స్ ప్రీబయోటిక్‌గా, అంటే పేగుల్లోని మంచి బ్యాక్టీరియాకు తిండిగా, పనిచేస్తాయా, కొనొచ్చా అని అడిగారు. రెండేళ్ల కిందట నాదీ ఇదే కథ. మేముండేది హనుమకొండలో. టైఫాయిడ్ మందులు ఆపేసినా నెలరోజులు పొట్ట నా మాట వినలేదు. ఫోన్‌లో యాడ్ చూసి ఒక డబ్బా తెప్పించాను.

పుట్టగొడుగుల్లో సరుకు లేదని కాదు. వాటి కణాల గోడల్లో బీటా గ్లూకాన్లు అనే పీచు ఉంటుంది. దాన్ని అరిగించే ఎంజైమ్ మనకు లేదు కాబట్టి అది పెద్దపేగు దాకా పోతుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ లాంటి ఆమ్లాలు తయారుచేస్తుంది. పెద్దపేగు గోడకు అసలు తిండి ఆ బ్యూటిరేటే. అయితే టర్కీ టెయిల్ మీద 2014లో వచ్చిన అధ్యయనంలో ఉన్నది 24 మంది, అదీ ఆరోగ్యంగా ఉన్నవాళ్లు, మూడు గ్రూపులుగా. రెయిషీ గురించి అందరూ చెప్పే 2015 నాటి తైవాన్ పరిశోధన ఎలుకల మీద చేసింది. యాడ్‌లో ఎలుకల మాట ఉండదు!

ఇక నా డబ్బా. వెనకాల చిన్న అక్షరాల్లో 'బియ్యం మీద పెంచిన మైసీలియం' అని ఉంది. మైసీలియం అంటే పుట్టగొడుగు కింద వేర్లలా అల్లుకునే సన్నటి దారాలు. అనుమానమొచ్చి ఒక క్యాప్సూల్ విప్పి తెల్ల సాసర్‌లో పోసి, ఇంట్లో ఉన్న టించర్ అయోడిన్ ఒక చుక్క వేశాను. ఇంటర్ ల్యాబ్‌లో గంజి మీద వేసినట్టే నల్లటి నీలంగా మారింది, అంటే అందులో బియ్యప్పిండి ఉన్నట్టే. పక్కనే ఎండబెట్టిన ఆయిస్టర్ పుట్టగొడుగు పొడి మీద వేస్తే టీ రంగులోనే ఉండిపోయింది. 'బియ్యం బస్తా ఇంట్లనే ఉంది గదా, మళ్లా కొనుడెందుకు' అని మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తది.

కొనే తీరాలనుకుంటే 'ఫ్రూటింగ్ బాడీ' (అంటే మనం తినే అసలు పుట్టగొడుగు భాగం) అని, బీటా గ్లూకాన్ ఎంత శాతమో రాసి ఉందా చూడండి. ఉత్త 'పాలీశాకరైడ్స్' అంటే పిండి పదార్థం కూడా ఆ లెక్కలోకే వస్తుంది.

నేను మాత్రం వరిగడ్డి మీద పెంచే ఆయిస్టర్ పుట్టగొడుగులకు మారాను. వారానికి రెండుసార్లు, ఉల్లిగడ్డ, ఎల్లిపాయ వేసి బాగా ఉడికించిన కూర, జొన్నరొట్టె. మొదట్లో బటన్ పుట్టగొడుగులు తింటే గ్యాస్‌తో పొట్ట డప్పులా అయ్యేది. వాటిలో మానిటాల్ అనే చక్కెర ఎక్కువ, ఆయిస్టర్‌లో తక్కువ. ఏదైనా రెండు మూడు ముక్కలతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. నాకు నెలన్నరకు కుదుటపడింది. అందులో పుట్టగొడుగుల వాటా ఎంతో తేల్చలేను, ఉల్లి, ఎల్లిపాయ కూడా ప్రీబయోటిక్‌లే కదా.

రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టర్‌ను అడక్కుండా రెయిషీ జోలికి పోవద్దు. మా మామయ్యకు డాక్టర్ వద్దనే చెప్పారు. తొలకరికి ములుగు అడవుల నుంచి వచ్చే పుట్టగొడుగులు రుచే వేరు, కానీ వాటిని గుర్తుపట్టడం తెలిసినవాళ్ల దగ్గరే కొనండి. మలంలో రక్తం కనిపించినా, బరువు తగ్గుతున్నా ఇవన్నీ పక్కనపెట్టి ముందు డాక్టర్‌కు చూపించుకోండి.