కథ గురించి రాయమంటే సారాంశమే వస్తోందా?

కథ చదివితే అర్థమవుతుంది గానీ విశ్లేషించమంటే సారాంశం దగ్గరే కలం ఆగిపోతోందని మీరు రాశారు. చెన్నైలో, కోడంబాక్కంలో, మేము కొందరం తెలుగువాళ్లం నెలకోసారి ఒకరింట్లో కూర్చుని ఒక కథ పైకి చదువుకుంటాం. అక్కడ గమనించిన దాన్నిబట్టి చెబుతున్నాను: సందేశం ఏమిటన్న ప్రశ్నను చివరికి నెట్టి, కథలో ఏ సంగతి ఎవరికి ఎప్పుడు తెలిసిందో ముందుగా చూడండి.

1910లో అచ్చయిన గురజాడ ‘దిద్దుబాటు’నే తీసుకోండి. సానిపాటకు (వేశ్యల పాట కచేరీకి) వెళ్లిన గోపాలరావు రాత్రి ఒంటిగంట వేళ ఇంటికి వస్తాడు. భార్య కమలిని కనిపించదు, పుట్టింటికి వెళ్లిపోతున్నానని ఆమె రాసిన ఉత్తరం దొరుకుతుంది. నౌకరు రాముడి ఎదుట పశ్చాత్తాపపడుతుండగా మంచం కింద నుంచి నవ్వు వినిపిస్తుంది. సారాంశం ఇంతే. ముగింపు తెలిశాక మళ్లీ చదివితే మాత్రం, ఖాళీ అనుకున్న గదిలో ఆమె మొదటి నుంచీ వింటూనే ఉందని గుర్తొచ్చి ప్రతి మాటకూ బరువు మారిపోతుంది. చదువుకున్న స్త్రీని మించినది సృష్టిలో లేదని గోపాలరావు రాముడికి చెప్పేటప్పుడు, ఆ చదువుకున్న స్త్రీయే మంచం కింద ఉంది. చెబుతున్నవాడేమో సానిపాట విని వచ్చినవాడు. మొదటిసారి ఉపన్యాసంలా తోచిన ఆ మాటలు రెండోసారి హాస్యమవుతాయి. (రాముడి ఉత్తరాంధ్ర యాస మా పిల్లలకు ఒక పట్టాన కొరుకుడు పడదు, విజయనగరం నుంచి వచ్చి స్థిరపడిన పెద్దావిడ చదివితేనే అందరూ నవ్వుతారు.)

ఇక ప్రశ్న వేసుకోండి: రచయిత మనల్ని గోపాలరావు పక్కనే ఎందుకు నిలబెట్టాడు? కమలిని వైపు నుంచి చెప్పి ఉంటే ఇది భార్య పన్నిన ఉపాయంగానే మిగిలేది, ఆమె వెళ్లిపోయిందన్న అతని కంగారు మనకు అంటేది కాదు. అతని పశ్చాత్తాపం నిజమైనదా, ఆ క్షణపు భయమా అన్న దానిపై మాలో ఇప్పటికీ వాదన నడుస్తుంది. అయితే ఏ పక్షం వారైనా కథలోని వాక్యం చూపించాలి. గురజాడ సంస్కర్త గనుక అనే జవాబు మా దగ్గర చెల్లదు, ఎందుకంటే కమలిని పుట్టింటికి వెళ్లకుండా మంచం కింద ఎందుకు దాక్కుందో అది చెప్పదు.

మీరు రాసేటప్పుడు సారాంశాన్ని మూడు వాక్యాలకు మించనివ్వకండి; మిగిలిన చోటంతా ఇలాంటి ఒకే ఒక్క ప్రశ్నకూ, దానికి ఆధారమైన వాక్యాలకూ కేటాయించండి.