మేలెంచే వంతు కూడా రానివ్వండి

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. నాకు 44 ఏళ్లు. మావారికి బట్టల కొట్టుంది. అమ్మాయిని బరంపురంలో ఇచ్చాం, అబ్బాయి విశాఖపట్నంలో చదువుకుంటున్నాడు. ఏ లోటూ లేకపోయినా ఏడాదిగా ఏదో జరుగుతుందన్న భయం పట్టుకుంది. అబ్బాయికి రోజుకు ఐదారుసార్లు ఫోన్ చేస్తాను. గుండెదడ, మెడనొప్పి, నిద్ర ఉండదు. ఈసీజీ బాగానే ఉందన్నారు. మందులకొట్టులో ఇచ్చిన నిద్రమాత్ర వేసుకుంటున్నాను. మొన్న గుణుపురం బండి అరగంట ఆలస్యమైతే వీధరుగు మీద ఫోన్ పట్టుకుని నిలబడిపోయాను, లోపల పప్పు మాడిపోయింది. అబ్బాయి వచ్చాక కూడా, వాడి తిరుగు ప్రయాణం తలుచుకుని తెల్లవార్లూ మేలుకున్నాను. ‘అన్నీ ఉండి ఈ ఏడుపేమిటి’ అని మావారు విసుక్కుంటారు. కీడెంచి మేలెంచమన్నారు కదా, నాది తప్పా?

జవాబు: అమ్మా, తప్పేమీ లేదు. అయితే బండి కోసం పుట్టిన బెంగ బండి రాగానే తీరాలి. మీ బెంగ ఆ కొమ్మ మీంచి లేచి తిరుగు ప్రయాణమనే ఇంకో కొమ్మ మీద వాలింది.

ఇలా ఒకటి తీరగానే మరొకటి పట్టుకునే ఆందోళన, ఎంత ప్రయత్నించినా అదుపులోకి రాకుండా, కనీసం 6 నెలలుగా ఎక్కువ రోజులు వేధిస్తూ, దానితోపాటు స్థిమితం లేకపోవడం, త్వరగా అలసిపోవడం, మనసు నిలవకపోవడం, చిరాకు, కండరాలు బిగుసుకుపోవడం, నిద్ర చెదరడం అనే ఆరింటిలో కనీసం మూడు కనిపిస్తే, వైద్యులు జనరలైజ్డ్ యాంగ్జైటీ డిజార్డర్ కావచ్చునని ఆలోచిస్తారు. మీ మెడనొప్పి కూడా ఈ బిగుతు వల్లే వస్తుండవచ్చు. ఉత్తరం చూసి జబ్బు నిర్ధారించకూడదు కనుక వైద్యుణ్ని కలవండి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా గుండెదడ, కంగారు వస్తాయి, ఆ రక్తపరీక్ష కూడా అడగండి.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను మీ గజపతి జిల్లాను ముంచెత్తినప్పుడు భయపడనివారుండరు. ఆ భయం మనిషిచేత బియ్యం బస్తా పైకెత్తించింది, పశువులను విప్పించింది. కీడెంచడమంటే అదే: చేయగలిగింది చేసి, ఆ తరువాత మేలెంచాలి. మీరు మొదటి సగం దగ్గరే కూర్చుండిపోతున్నారు.

ఇందులో ఫోన్ పాత్ర మీరనుకున్నదానికన్నా పెద్దది. ‘బాగానే ఉన్నానమ్మా’ అన్న మాటతో కాసేపు నెమ్మదిస్తుంది, కానీ ఆ ఫోనే లేకపోతే తట్టుకోలేనన్న నమ్మకం మనసులో మరికాస్త గట్టిపడుతుంది. అందుచేత అబ్బాయితో మాట్లాడుకుని ఈ వారం రోజుకు మూడుసార్లు, పై వారం రెండుసార్లు, ఆపైన రాత్రి ఒక్కసారి అని వేళలు పెట్టుకోండి. మధ్యలో చెయ్యి ఫోన్ వైపు లాగుతుంది, గుండె దడదడలాడుతుంది; చేయకుండా ఉంటే ఆ దడ దానంతటదే తగ్గుతుంది. అలా తగ్గడం మీరు ఒకసారి స్వయంగా చూడాలి, నేను చెబితే నమ్మేది కాదు.

పగలు వచ్చే భయాలను ఒక నోటుపుస్తకంలో ఒక్కొక్క ముక్కలో రాసి, సాయంత్రం ఐదున్నరకు 20 నిమిషాలు వాటికోసమే కూర్చోండి. ఈ రోజు చేయగలిగింది ఉంటే దాని పక్కన రాయండి, లేనిదాన్ని అలాగే వదిలేయండి. పడుకునే ముందు మాత్రం ఈ పని వద్దు. నెల తిరిగాక వెనక్కి తిప్పి, రాసినవాటిలో ఎన్ని జరిగాయో లెక్కపెట్టండి. టీ, కాఫీలు తగ్గిస్తే దడ కొంత తగ్గవచ్చు.

నిద్రమాత్రల విషయంలో నాకు భయమే ఉంది. ఆల్ప్రజోలం వంటివి అలవాటుగా మారతాయి. అలాగని హఠాత్తుగా మానడమూ ప్రమాదమే, అట్ట తీసుకెళ్లి వైద్యుడికి చూపించండి. అవసరమైతే ఆయన రాసే సెర్ట్రలిన్, ఎసిటలోప్రామ్ వంటి మందుల గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. మందు లేకుండా కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అనే మాటల చికిత్సతోనూ చాలామందికి నయమవుతుంది.

ఇంకొక ఇబ్బంది ఊహించగలను. మీ వైపు బజారు బేరమంతా ఒడియాలో చేసే ఆడవాళ్లు కూడా లోపలి బాధను తెలుగులోనే చెప్పుకోగలరు. డాక్టరు ముందు ‘గుండెదడ’ అన్న ఒక్క మాటే మిగులుతుంది, ఈసీజీతో సరిపోతుంది. అందుకే ఆ నోటుపుస్తకం వెంట తీసుకెళ్లండి. మానసిక ఇబ్బందులకు ఫోన్‌లోనే సలహా ఇచ్చే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఏ వేళనైనా ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. అమ్మాయి ఉండే బరంపురంలోనే ఎంకేసీజీ వైద్యకళాశాల ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఒక పూట కొట్టు మరొకరికి అప్పగించి తోడు రమ్మని మీవారినే అడగండి. ఏడాదిగా ఇంట్లో ఏడుపుగా విన్నదాన్ని ఆయన ఆ గదిలో మొదటిసారి జబ్బుగా వింటారు.