పదో తరగతి అయిపోతోంది, కబురు ఇంటికి చేరుతోందా?

బడి ఏమీ చెప్పదని తల్లిదండ్రులు, అన్నీ చెప్పాం వాళ్లే పట్టించుకోరని టీచర్లు. ఏడాది చివరికొచ్చేసరికి ఈ శీర్షికకు రెండు వైపుల నుంచీ ఫిర్యాదులే. ఈసారి మూడు ప్రశ్నలు తీసుకున్నాను. మొదటిదానికి జవాబు బాగా పొడుగైంది, ఓపిక పట్టండి.

ప్రశ్న: కర్నూలు జిల్లా పడమటి వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతి క్లాస్ టీచర్‌ని. వాట్సాప్ గ్రూపులో అన్నీ పెడుతూనే ఉంటాం. టైమ్ టేబుల్, హాల్ టికెట్లు, ప్రీ ఫైనల్ మార్కులు, పైనుంచి వచ్చిన సర్క్యులర్లు. అయినా కిందటేడు ఫలితాలొచ్చాక సప్లిమెంటరీ ఫీజు గడువు ఉంటుందన్న సంగతే కొన్ని ఇళ్లలో తెలియలేదు. ఒక పాపకైతే ఆ మే నెల పరీక్షే పోయింది. ఇంకేం చేస్తే వాళ్లకు తెలుస్తుంది?
— ఒక ఉపాధ్యాయిని

జవాబు: టీచర్ గారూ, మీరు గ్రూపులో పెట్టారు, నిజమే. ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉంది? మీ వైపు కోసిగి, మంత్రాలయం, ఆదోని చుట్టుపక్కల ఊళ్ల సంగతి మీకు నేను చెప్పాలా, చలికాలం దాటిందంటే సగం ఊరు మిరప కోతలకు గుంటూరు వైపు వెళ్లిపోతుంది. పిల్లలు అవ్వ దగ్గరో హాస్టల్లోనో ఉంటారు. జూన్‌లో మీరు రిజిస్టర్‌లో రాసుకున్న నంబర్‌కు మార్చి నాటికి రీచార్జే ఉండకపోవచ్చు. ఉన్నా అది నాన్నతోపాటు పొలంలో ఉంటుంది, లేదంటే పిల్లాడి చేతిలోనే ఉంటుంది. ఫెయిలైన పిల్లాడు ఆ మెసేజ్ వాళ్లమ్మకు చూపిస్తాడా చెప్పండి.

అందుకే సంక్రాంతి సెలవుల తర్వాత ఒకసారి నంబర్లన్నీ మళ్లీ రాసుకోండి. ఒక్కో బిడ్డకు రెండు. ఒకటి అమ్మది, రెండోది ఏప్రిల్, మే నెలల్లో ఊళ్లోనే ఉండే మనిషిది, అవ్వో మేనమామో పక్కింటి అక్కో ఎవరైనా సరే. రాసుకున్న రోజే రెండింటికీ ఒక రింగ్ ఇచ్చి చూడండి. విసుగు పనే, కానీ మిగతాదంతా దీని మీదే ఆధారపడి ఉంది.

అసలు చిక్కు క్యాలెండర్‌లో ఉంది. 2025 సంగతే తీసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి ఫలితాలు ఏప్రిల్ 23న వచ్చాయి, మర్నాటి నుంచే వేసవి సెలవులు. రీకౌంటింగ్‌కు, రీవెరిఫికేషన్‌కు, ఆలస్య రుసుము లేకుండా సప్లిమెంటరీ ఫీజు కట్టడానికి దొరికింది ఇంచుమించు ఒక్క వారం, పరీక్షలేమో మే 19 నుంచి. పోనీ తల్లిదండ్రులే నేరుగా ఆన్‌లైన్‌లో కట్టుకుంటారా అంటే అదీ లేదు, స్కూల్ ద్వారానే వెళ్లాలి. అంటే బడికి తాళం పడిన వారంలోనే వాళ్లకు బడితో అన్నిటికంటే ముఖ్యమైన పని పడుతుంది. ఆ పాప పరీక్ష పోయిందంటే ఇంట్లోవాళ్ల నిర్లక్ష్యం అనేసి ఊరుకోలేం.

కాబట్టి ఆ కబురు ఫలితాలొచ్చాక చెప్పేది కాదు, పరీక్షలు జరుగుతుండగానే చెప్పేయాలి. ‘మా పిల్లలు ఫెయిలవుతారని ముందే అంటారా’ అని కొందరు తల్లిదండ్రులకు కోపం వస్తుంది, నిజమే. దానికి మంచి ఉపాయం ఏమిటంటే, ఫెయిల్ మాట ఎత్తకుండా ‘ఫలితాల తర్వాత వారం’ అని ఒకే చీటీ అందరికీ ఇవ్వడం. అందులో మార్కులు తక్కువొచ్చాయనుకుంటే రీకౌంటింగ్ ఎలా అన్నదీ ఉంటుంది, సప్లిమెంటరీ ఎలా అన్నదీ ఉంటుంది, టీసీ ఎప్పుడిస్తారన్నదీ ఉంటుంది. 550 వచ్చినవాళ్లకూ అదే చీటీ. ఎక్కడిస్తారంటారా? చివరి పరీక్ష రోజు సెంటర్ గేటు దగ్గర. ఆ రోజు పిల్లలందరూ ఒకేచోట దొరుకుతారు, ఏడాదంతా బడి మెట్లెక్కని నాన్నలు కూడా కొందరు బండి వేసుకుని వస్తారు. మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ అని 2024లో డిసెంబరు 7న, 2025లో జూలై 10న రాష్ట్రమంతా ఒకే రోజు పెట్టారు, బాగానే ఉంది. కానీ ఒకటి ఏడాది మధ్యలో, ఇంకోటి మొదట్లో. ఏడాది చివర మీటింగ్ గేటు దగ్గర మీరే పెట్టుకోవాలి.

ఇక మెసేజ్ సంగతి. మీరు ఉత్తరంతో పాటు పంపిన నమూనా చూశాను. ‘పదవ తరగతి విద్యార్థుల తల్లిదండ్రులకు తెలియజేయునది ఏమనగా, పై అధికారుల ఉత్తర్వుల మేరకు’ అని మొదలైంది. గడువు తేదీ ఎక్కడో ఏడో లైనులో ఉంది, అదీ పీడీఎఫ్‌లో. పీడీఎఫ్ తెరవడం రాని ఇంటికి అది తెల్ల కాగితమే. నేనైతే ఇలా రాస్తాను:

‘పదో తరగతి పిల్లల అమ్మానాన్నలకు. మార్కులు మళ్లీ లెక్కపెట్టించాలంటే మే 1 లోపు బడికి రండి. సబ్జెక్టుకు 500 రూపాయలు. పేపరు మళ్లీ పూర్తిగా చూడాలంటే 1,000. పొద్దున 9 నుంచి 12 దాకా ఆఫీసులో ఒకరం ఉంటాం. హాల్ టికెట్ తెచ్చుకోండి. రాలేకపోతే ఈ నంబర్‌కు ఫోన్ చేయండి.’

ఆ ఫీజులు, ఆ తేదీ 2025వి, మీ ఏడాదివి మీరు వేసుకోండి. ఒక మెసేజ్‌లో ఒకే పని ఉండాలి. రీకౌంటింగ్ కింద ఫేర్‌వెల్ ఫోటోలు, దాని కింద యూనిఫాం కొలతలు పెడితే మొదటిది ఎవరికీ గుర్తుండదు. చదువు రాని ఇళ్లకు ఇదే మాట మీ గొంతుతో వాయిస్ మెసేజ్ పెట్టండి, అర నిమిషం మించకుండా. టీచరమ్మ గొంతు అనగానే అవ్వ కూడా పక్కన కూర్చుని వింటుంది. గ్రూపును మీరు మాత్రమే రాసేలా సెట్ చేసుకోండి, లేకపోతే గుడ్ మార్నింగ్ పువ్వుల కింద మీ గడువు తేదీ మునిగిపోతుంది.

రెండు విషయాలు మాత్రం గ్రూపులో వద్దు. మొదటిది ప్రీ ఫైనల్ మార్కుల లిస్టు. అరవై ఇళ్ల ముందు ఒక పిల్లవాడి పదకొండు మార్కులు పెట్టడం తెలియజేయడం అవుతుందా? ఎవరి మార్కులు వాళ్లింటికే చెప్పండి. రెండోది తల్లిదండ్రుల ఫోన్ నంబర్ల పట్టిక. అది ఒక్కసారి బయటికి వెళ్లిందంటే అడ్మిషన్ల కోసం ఫోన్లు చేసే కాలేజీల పీఆర్‌వోల చేతిలో పడ్డట్టే, ఆ బాధ కింద రెండో ప్రశ్నలో చూడండి.

హాల్ టికెట్ వచ్చిన రోజు ఇంకో పని ఉంది. పేరు, ఇంటి పేరు, అమ్మానాన్నల పేర్లు, పుట్టిన తేదీ, ఫోటో. ఇవన్నీ పిల్లాడు చూసి ‘కరెక్టే సార్’ అంటే చాలదు, ఇంట్లో పెద్దవాళ్లు ఆధార్ కార్డు పక్కన పెట్టుకుని చూడాలి. మెమోలో పడిన పుట్టిన తేదీయే రేపు పాస్‌పోర్టుకైనా ఉద్యోగానికైనా పనికొచ్చేది, మెమో చేతికొచ్చాక దిద్దించుకోవడం పెద్ద తతంగం. హాల్ టికెట్, ఫలితాలు ఏపీ ప్రభుత్వ సేవ మన మిత్ర వాట్సాప్ నంబర్ 95523 00009లో కూడా దొరుకుతాయని చెప్పండి. ఇంకో మాట, తల్లి బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు ఉందో లేదో సెలవుల్లోనే చూసుకోమనండి. పిల్లల చదువుకు ప్రభుత్వం తల్లి ఖాతాలో వేసే తల్లికి వందనం డబ్బు పడలేదని జూన్‌లో మీ చుట్టూ తిరగడం తప్పుతుంది వాళ్లకు.

ప్రశ్న: మాది హైదరాబాద్. పాప ప్రైవేటు స్కూల్లో పదో తరగతి. స్కూల్ నుంచి వచ్చేవి రెండే మెసేజ్‌లు, ఫీజు బాకీ గురించి, ఫేర్‌వెల్ పార్టీ చందా గురించి. బాకీ కడితేనే హాల్ టికెట్ అంటున్నారు. ఇంకోవైపు జనవరి నుంచి కాలేజీల వాళ్లు రోజూ ఫోన్లు, ఇప్పుడు సీటు బుక్ చేసుకోకపోతే తర్వాత ఫీజు పెరుగుతుందట. మా వారు పది వేలు కట్టేద్దాం అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది.
— ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ పది వేలు ఆపండి. పదో తరగతి ఫలితాలయ్యాక ఇంటర్ బోర్డు అడ్మిషన్ల షెడ్యూల్ ఇస్తుంది, అంతకుముందే పిల్లల్ని చేర్చుకోవద్దని కాలేజీలకు చెబుతూనే ఉంటుంది, వాళ్లు వింటారా అన్నది వేరే సంగతి. పాప ఇంకా పరీక్షే రాయలేదు. ఎంపీసీయా బైపీసీయా సీఈసీయా అన్నది తనే తేల్చుకోలేదేమో. జీపీఏ ఇంత వస్తే ఇంత తగ్గిస్తాం అని కూడా చెప్పి ఉంటారు. తెలంగాణలో 2025 ఫలితాల నుంచి జీపీఏ తీసేసి మార్కులే ఇస్తున్నారు, కొందరు పీఆర్‌వోలు ఇంకా పాత పాటే పాడుతున్నారు. ఒకవేళ కట్టి తీరాలనుకుంటే కాలేజీ పేరున ముద్ర ఉన్న రసీదు అడగండి, చేరకపోతే ఎంత తిరిగిస్తారో దాని మీదే రాయించండి. పీఆర్‌వో సొంత నంబర్‌కు ఫోన్‌పే మాత్రం చేయకండి. రసీదు మీద రాయమనగానే చాలామంది ‘మళ్లీ చేస్తాం మేడమ్’ అని పెట్టేస్తారు.

హాల్ టికెట్ గురించి. అది ఎస్సెస్సీ బోర్డు ఇచ్చేది, బోర్డు వెబ్‌సైట్‌లో పాప వివరాలు కొట్టి మీరే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఫీజు బాకీ మీకూ స్కూల్‌కూ మధ్య లెక్క, పాప పరీక్షను దానికి ముడిపెట్టకూడదు. ఎంత కడతారో, ఎప్పుడెప్పుడు కడతారో కాగితం మీద రాసివ్వండి. అయినా బెదిరిస్తే జిల్లా విద్యాధికారి (డీఈవో) ఆఫీసుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

స్కూల్ చెప్పకపోతే మనమే అడగాలి. ఒక ఉదయం వెళ్లి టీసీ ఏ రోజు ఇస్తారు, ఒరిజినల్ మెమో వచ్చాక ఎవరిని కలవాలి, ఆరు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే ఇస్తారా అని కనుక్కోండి. స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడెందుకు అనుకుంటారేమో, రెండేళ్ల తర్వాత ఇంజినీరింగ్ లాంటి సీట్లకు జరిగే ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో అడుగుతారు, ఆ వేళకు స్కూల్ పేరు మారుతుంది, బ్రాంచి ఎత్తేస్తారు, తల్లులు పాత అడ్రసుల చుట్టూ తిరుగుతుంటారు. మధ్యలో స్కూల్ మారి ఉంటే పాత స్కూల్‌కు కూడా ఈ వేసవిలోనే వెళ్లిరండి. కుల, ఆదాయ ధ్రువపత్రాలకు మీసేవలో దరఖాస్తు కూడా ఫలితాలకు ముందే పెట్టేయండి, తర్వాత అక్కడ రద్దీ.

ప్రైవేటు స్కూళ్లు చాలావరకు నోరు మెదపని విషయం ఇంకోటుంది. పాలిటెక్నిక్ ఎంట్రన్స్ పాలిసెట్ దరఖాస్తులు పదో తరగతి పరీక్షల సీజన్‌లోనే నడుస్తాయి, బాసర ట్రిపుల్ ఐటీకి ఎంట్రన్స్ లేదు, పదో తరగతి మార్కుల మీదే సీటిస్తారు. అక్కడ ప్రభుత్వ బడి పిల్లలకు కొంత అదనపు వెయిటేజీ ఉంటుంది కాబట్టి ప్రైవేటులో చదివిన పాపకు పోటీ గట్టిదే. అయినా దరఖాస్తు పెట్టొద్దని ఎవరూ అనరు కదా. స్కూల్, కాలేజీ రెండూ ఒకే మేనేజ్‌మెంట్‌వి అయినచోట ఈ కబురు బొత్తిగా రాదు. ఎందుకు రాదో మీకు తెలుసు.

ప్రశ్న: నేను దుబాయ్‌లో పని చేస్తున్నాను. మాది జగిత్యాల వైపు. బాబు తొమ్మిదో తరగతి, మా నాన్న దగ్గర ఉంటాడు. ఎట్లా చదువుతున్నవ్ రా అంటే మంచిగనే అంటడు. సార్లకు ఫోన్ చేస్తే ఎత్తరు. ఏం చేయాలి?
— ఒక తండ్రి

జవాబు: అన్నా, సార్ క్లాసులో ఉన్నప్పుడు ఎత్తడు. మీకంటే మన టైమ్ గంటన్నర ముందు, మీరు లంచ్ పూర్తిచేసి రెండున్నరకు చేస్తే ఇక్కడ నాలుగు అవుతుంది, బడి వదిలే వేళ. ముందు ‘ఫలానా బాబు నాన్నను, దుబాయ్ నుంచి’ అని వాట్సాప్‌లో ఒక్క లైను పెట్టండి, విదేశీ నంబర్ చూసి ఎవరో మోసగాళ్లనుకుని కట్ చేసేవాళ్లే ఎక్కువ. అడిగేటప్పుడు కూడా ఎట్లా చదువుతున్నాడు అని అడగకండి, దానికి సార్ కూడా మంచిగనే అంటాడు. లెక్కల్లో ఎన్నొచ్చాయి, నెలలో ఎన్ని రోజులు రాలేదు, ఈ రెండే అడగండి.

మీ బాబుకు అసలు పని ఈ వేసవిలో ఉంది. పదో తరగతి నామినల్ రోల్స్‌లో, అంటే పరీక్ష రాసే పిల్లల జాబితాలో, పేరు, పుట్టిన తేదీ బడి రికార్డు ప్రకారమే వెళ్తాయి. బడి రికార్డులో ఒకటి, ఆధార్‌లో ఒకటి ఉంటే విద్యార్థులకిచ్చే అపార్ గుర్తింపు నంబర్ దగ్గరా అడ్డమే, తర్వాతా అడ్డమే. రెండూ పక్కపక్కన పెట్టి ఫోటో తీసి పంపమని నాన్నగారికి చెప్పండి. పదిహేనేళ్లు నిండితే ఆధార్‌లో వేలిముద్రలు, ఫోటో మళ్లీ ఇవ్వడం తప్పనిసరి, అదీ సెలవుల్లోనే చేయించండి. బడికి ఒక ఉత్తరం రాయండి, నా బాబు విషయంలో మా నాన్నతో మాట్లాడండి, మెసేజ్‌లు మాత్రం నాకూ పంపండి అని, కింద మీ నంబర్ వేసి. ఏప్రిల్ చివర ప్రోగ్రెస్ కార్డు ఇస్తారు. సంతకం నాన్నగారే పెడతారు గానీ, పెట్టేముందు హాజరు గడి కూడా పడేలా ఫోటో తీసి మీకు పంపమనండి, బాబు చేత కాదు, పక్కింటి వాళ్ల చేత.